డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన హైదరాబాదు పాతబస్తీలోని పేట్లబురుజు ప్రసూతి వైద్యశాల మొదలుకొని పల్లెటూరి ఆసుపత్రి వరకును గర్భవతులకు ఫోలిక్ ఆమ్లపు మాత్రల నిచ్చుచున్నారు. గర్భస్థశిశువుల వెన్నుపాము లోపములను అవి చాలవరకు నివారించును. ఈ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేయించిన మహనీయుడు తెలుగువాడని చదువరులలో కొందరైన నెరుగకపోవచ్చునని తలంచి, ఆయన జీవితమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పి మూడవమారు కృతార్థులైరి. (మన విద్యార్థులలో పరీక్ష తప్పినవారు ఈ వాక్యమును మరల చదువుకొనవచ్చును.) మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆచార్యునొకని యాగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటనే తగిలెను. స్ప్రూ యను గ్రహణీరోగమున ప్రేగులు ఆహారసారమును గ్రహింపజాలవు. తిన్నది ఒంటబట్టక, రక్తము క్షీణించి, రోగి శుష్కించును. ఈ వ్యాధి ఆయన సోదరుల నిరువురను స్వల్పకాలములోనే పొట్టనబెట్టుకొనెను. ఆయనకును సోకెను గాని, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సవలన బ్రతికిరి.

1922లో బోస్టను నగరము చేరి, హార్వర్డులో చదువుచు, రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసికొనిరి. భార్య శేషగిరిగారు స్వదేశముననే యుండిరి. కుమారుడు శైశవముననే గతించెను. ఆయన మరల స్వదేశమునకు రాలేదు. దీనిని త్యాగమనవలెనో కఠినత్వమనవలెనో మేము నిర్ణయింపజాలము.

ఫిస్కె దొరతో కూడి 1929లో ఎ.టి.పి. యను పదార్థమును కండరములనుండి వేరుచేసిరి. జీవకణముల పనులకు శక్తినిచ్చునది ఇదియే. సెక్రెటిన్ వంటి ప్రేగుల హార్మోను కణముపైనున్న గ్రాహకమును తాకగా, ఆ వార్తను కణములోపల అందించు పదార్థము సైతము ఎ.టి.పి. నుండియే పుట్టునని ఆయన మరణానంతరము తేలినది. అప్పుడే పుట్టిన జంతుశిశువులలో ఈ గ్రాహకములు పాలు త్రాగు దినములలో క్రమముగా మార్పుచెందుచుండును.

ఇంత సాధించినను గ్రహణి సంగతి ఆయన మరువలేదు. కాలేయమున నుండు ఒకానొక పదార్థము లేనిదే కోడిపిల్లలు ఎదుగక పాలిపోవునని అప్పటికే తెలిసియుండెను. 1940లో లెడర్లే ఔషధసంస్థలో చేరిన పిమ్మట ఆయన నడపిన బృందము ఆ పదార్థమును శుద్ధిచేసి, 1945లో కృత్రిమముగా నిర్మించెను. అదియే ఫోలిక్ ఆమ్లము. ప్రేగుల లోపలిపొర కొద్దిదినముల కొకమారు క్రొత్తదగుచుండును. ఈ ఆమ్లము చాలనిచో కణములు సరిగా విభజనచెందవు, పొర క్షీణించును. మరుసటి యేటికే క్యూబా, పోర్టోరికో దీవులలో స్ప్రూ రోగులు ఈ మందుచే కోలుకొనిరి. సోదరులు గతించి అప్పటికి సుమారు పాతికేండ్లు.

బోదకాలు వ్యాధికి హెట్రజాన్ అను మందును సైతము ఆయన బృందమే 1947లో లోకమున కిచ్చెను. ఆ మరుసటి సంవత్సరము ఆగష్టులో, 53 ఏండ్ల ప్రాయమున, అమెరికా పౌరులు కాకయే ఆ దేశముననే హృద్రోగముచే కన్నుమూసిరి.