తెగిన పోగు దగ్గర ఆగిన మగ్గం: సకీచి టొయోడా జీవితం

టొయోటా కారు ఎరుగని ఇల్లు మనలో లేదు. ఆ పేరుకు మూలపురుషుడు కార్లు చేసినవాడు కాదనీ, మగ్గాన్ని బాగుచేసిన వడ్రంగి కొడుకనీ మన పిల్లలలో చాలామందికి తెలియదు. చిన్న వ్యాపారాలు చేసుకొనే కుటుంబాలు మనలో అనేకం. అందుచేత ఆయన జీవితం ఈ సంచికలో చెప్పుకోవడం తగునని తలచాము.

సకీచి టొయోడా 1867 ఫిబ్రవరి 14న జపాను దేశంలో, నేటి షిజువోకా ప్రాంతపు యమగూచి అనే పల్లెలో జన్మించారు. తండ్రి సేద్యమూ వడ్రంగమూ చేసేవారు. సకీచి చదువు ప్రాథమిక పాఠశాలతోనే ముగిసింది. ఆ పల్లెలో ఆడవారు ఇంటి మగ్గాలపై నేసేవారు. ఆయన తల్లి కూడా నేసేవారు. రెండు చేతులా నాడెను అటూ ఇటూ పంపుతూ పగలంతా కూర్చున్నా దిగే గుడ్డ కొద్దిపాటిదే. ఆ శ్రమను తగ్గించాలన్న పట్టుదల ఆయనకు కలిగింది.

1890లో టోకియో నగరపు ప్రదర్శనశాలకు వెళ్ళి అక్కడి యంత్రాలను శ్రద్ధగా పరిశీలించారు. ఆ ఏడాదే ఒక చేత నడిచే కొయ్యమగ్గం తయారుచేసి, మరుసటి ఏడు పేటెంటు పొందారు. దాన్ని నమ్ముకొని టోకియోలో కొద్ది మగ్గాలతో ఒక చిన్న నేతశాల పెట్టారు. అది నిలవలేదు. చేతిమగ్గం ఎంత బాగుపడినా చేతి వేగాన్ని మించదు. ఆయన నిరాశపడక 1894లో నూలు చుట్టే యంత్రం చేశారు. అది బాగా అమ్ముడైంది. 1896లో మరశక్తితో నడిచే మగ్గం పూర్తిచేశారు.

ఈ మగ్గంలోనే ఆయన గొప్పతనం ఉంది. పేక పోగు తెగినా మరమగ్గానికి తెలియదు. అది నడుస్తూనే ఉంటుంది, గుడ్డ చెడిపోతూనే ఉంటుంది. కనుక పక్కన ఒక మనిషి రెప్పవేయక కాపలా ఉండాలి. సకీచి ఏర్పాటు వల్ల పోగు తెగగానే మగ్గం తనంతట తానే ఆగిపోయేది. చెడ్డ గుడ్డ తయారు కాదు. మనిషికి కాపలా బాధా తప్పింది.

1907లో పెట్టుబడిదారులతో కలిసి ఒక కంపెనీ ఏర్పడింది. వ్యాపారం మందగించగా, తన పేరు పెట్టుకొన్న ఆ కంపెనీనుంచే 1910లో ఆయన తప్పుకోవలసివచ్చింది. అమెరికా, ఐరోపా చూసి వచ్చి 1911లో సొంతంగా నేతశాల పెట్టారు. తన మగ్గాలను అక్కడే నడిపి, లోపం కనబడిన చోటల్లా సరిచేశారు. 1924నాటి మగ్గం నాడెను కూడా ఆగకుండానే మార్చుకొనేది. అటువంటివి ముప్పైకి పైగా ఒక్కరే చూసుకోగలిగారు. 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ దాని హక్కులు కొన్నది. మరమగ్గం పుట్టిన దేశమే జపాను మగ్గాన్ని కోరింది! 1930 అక్టోబరు 30న ఆయన కన్నుమూశారు. కుమారుడు కీచిరో ఆధ్వర్యంలో 1937లో కార్ల కంపెనీ వెలసింది.

ఒక తప్పు కనబడితే ఎందుకని ఐదుసార్లు అడగాలన్న పద్ధతిని ఆయన పేరుతోనే చెప్పుకొంటారు. మన కొట్టుకే అన్వయించి చూద్దాము. సాయంత్రం లెక్క తప్పింది, ఎందుకు? అరువు సరుకు రాయలేదు. ఎందుకు రాయలేదు? పుస్తకం దగ్గర లేదు. ఎందుకు లేదు? అది లోపలి గదిలో ఉంటుంది. ఎందుకు అక్కడ? రాత్రి లెక్క చూసి అక్కడే వదిలేస్తారు. ఎందుకు వదిలేస్తారు? దానికంటూ ఒక చోటు లేదు. బల్లకు ఒక మేకు కొట్టి, పుస్తకాన్ని దారంతో వేలాడదీస్తే సరి. కుర్రవాణ్ణి తిట్టినందువల్ల మర్నాడు లెక్క కుదరదు.

తాతలు పెట్టిన కొట్లను ఇప్పుడు మనుమలు నడుపుతున్నారు. పెద్దలు చేసిన పద్ధతి మార్చడం అగౌరవమని కొందరు జంకుతారు. సకీచి తల్లి మగ్గాన్ని మార్చింది తల్లి మీది ప్రేమతోనే. మన యువతీయువకులు ఈ సంగతి గుర్తుంచుకొని, తమ కొట్లలో తెగిన పోగు ఎక్కడుందో వెదకగలరని ఆశిస్తున్నాము.