డాక్టర్ జాకిర్ హుస్సేన్ - నలుగురూ కలిసి మోసిన జామియా

డాక్టర్ జాకిర్ హుస్సేన్ మర్‌హూమ్ పేరు చెప్పగానే మనలో చాలామందికి రాష్ట్రపతి భవనం గుర్తుకొస్తుంది. మన హైదరాబాదులో పుట్టినవాడు, ఈ దేశానికి మొదటి ముస్లిం రాష్ట్రపతి అయినవాడు అని చెప్పుకుని గర్వపడతాం. ఆ గర్వం న్యాయమైనదే. కాని ఆ పదవిలో ఆయన ఉన్నది రెండేళ్ళు కూడా నిండలేదు. అంతకుముందు 22 సంవత్సరాలపాటు ఆయన ఒక పేద విద్యాసంస్థ బరువు మోశారు. ఒంటరిగా కాదు, తోటివాళ్ళతో కలిసి మోశారు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఆ 22 ఏళ్ళ సంగతే. ఎందుకంటే మన సంఘంలాంటి సంఘాలకు పనికొచ్చే పాఠం అక్కడే ఉంది.

జాకిర్ హుస్సేన్ గారు 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. వారి పూర్వీకులు ఉత్తరప్రదేశ్‌లోని ఖాయంగంజ్‌కు చెందిన పఠాన్లు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు హైదరాబాదుకు వచ్చి వకీలుగా మంచి పేరు సంపాదించారు. కాని పిల్లవాడికి పదేళ్ళ వయసులోనే తండ్రి పోయారు. కుటుంబం ఖాయంగంజ్‌కు తిరిగి వెళ్ళింది. 1911లో ప్లేగు వచ్చి తల్లిని కూడా తీసుకుపోయింది. ఇటావాలోని ఇస్లామియా హైస్కూలులోనూ, తర్వాత అలీగఢ్ కాలేజీలోనూ ఆయన చదువు సాగింది.

1920లో సహాయ నిరాకరణ ఉద్యమం అలీగఢ్‌ను తాకింది. ప్రభుత్వ సహాయంతో నడిచే చదువులు వద్దని కొందరు విద్యార్థులు, అధ్యాపకులు కాలేజీ విడిచి బయటకు వచ్చారు. ఆ ఏడాది అక్టోబరు 29న, షేఖుల్ హింద్ మౌలానా మహమూద్ హసన్ గారి చేతుల మీదుగా జామియా మిల్లియా ఇస్లామియా ప్రారంభమైంది. హకీమ్ అజ్మల్ ఖాన్ గారు దానికి అమీర్, అంటే చాన్సలర్. మౌలానా మొహమ్మద్ అలీ మొదటి షేఖుల్ జామియా, అంటే వైస్ చాన్సలర్. బయటకు వచ్చినవారిలో 23 ఏళ్ళ జాకిర్ హుస్సేన్ కూడా ఉన్నారు. కొంతకాలానికి ఆయన పైచదువుకు జర్మనీ వెళ్ళి, బెర్లిన్‌లో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందారు.

ఆయన అక్కడ ఉండగానే ఇక్కడ జామియా పరిస్థితి దిగజారింది. 1924లో తుర్కీలో ఖిలాఫత్ రద్దయింది. ఇక్కడి ఖిలాఫత్ కమిటీ నుంచి వచ్చే డబ్బూ ఆగిపోయింది. ఇక మూసేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. ఆ వార్త తెలిసి జర్మనీలో ఉన్న ముగ్గురు మిత్రులు, జాకిర్ హుస్సేన్, ఆబిద్ హుస్సేన్, మొహమ్మద్ ముజీబ్, తాము వచ్చి జామియాకు సేవ చేస్తామని కబురు పంపారు. హకీమ్ సాహెబ్ పట్టుదలతో, గాంధీజీ ప్రోత్సాహంతో 1925లో సంస్థ ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు మారింది. 1926లో ముగ్గురూ వచ్చి చేరారు. 29 ఏళ్ళ జాకిర్ హుస్సేన్ షేఖుల్ జామియా అయ్యారు.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. 1927 డిసెంబరులో హకీమ్ అజ్మల్ ఖాన్ గారు కన్నుమూశారు. అంతవరకు జామియాకు చందాలు వచ్చేవంటే చాలావరకు హకీమ్ సాహెబ్ ముఖం చూసి ఇచ్చినవే. ఆయన పోగానే అప్పులు మిగిలాయి, ఆదాయం లేకుండా పోయింది. ఇది మనం ఎరగని కథ కాదు. ఒక పెద్దమనిషి పేరు మీద మొదలై, ఆయన జనాజాతోపాటే లేచిపోయిన మదరసాలు, లైబ్రరీలు, అంజుమన్లు మన ఊళ్ళలో ఎన్ని లేవు?

అప్పుడు వాళ్ళ ముందు రెండు దారులు కనిపించాయి. ఒకటి, మరో పెద్దమనిషిని వెతుక్కోవడం. రెండోది, బ్రిటిషు ప్రభుత్వ గ్రాంటు అడగడం. రెండోది చేస్తే జామియా పుట్టిన కారణమే పోతుంది. జాకిర్ హుస్సేన్ గారు, ఆయన సహచరులు మూడో దారి పట్టారు. 1928లో అంజుమన్-ఎ-తాలీమ్-ఎ-మిల్లీ అనే సంఘం పెట్టుకున్నారు. జామియాలో పాఠాలు చెప్పేవాళ్ళే, పనిచేసేవాళ్ళే అందులో సభ్యులై సంస్థ బాధ్యత తమ నెత్తిన వేసుకున్నారు. సభ్యుడు కావాలంటే ఒక ప్రతిజ్ఞ చెయ్యాలి: 20 సంవత్సరాలు జామియాకే పనిచేస్తాను, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోను. మొదట్లో ఆ ప్రతిజ్ఞ చేసినవారు 11 మంది. వైస్ చాన్సలరుకూ అదే నియమం, అదే పరిమితి.

ఇందులో మెలిక ఏమిటో గమనించండి. నిర్ణయించే హక్కు, త్యాగం చేసే బాధ్యత, రెండూ ఒకే చేతిలో పెట్టారు. డబ్బిచ్చినవాడు కాబట్టి పెత్తనం చెయ్యడం లేదు. నోరున్నవాడు కాబట్టి నెగ్గించుకోవడం లేదు. ఇరవయ్యేళ్ళు ఇక్కడే ఉంటానన్నవాడికే ఇరవయ్యేళ్ళ గురించి మాట్లాడే హక్కు. జీతం కోతపడితే ఆ కోత తమ ఇంట్లోనే పడుతుందని తెలిసి కూర్చున్నవాళ్ళ మష్వరాకు ఒక బరువు ఉంటుంది. మష్వరా మనకు కొత్త మాట కాదు. దివ్య ఖుర్ఆన్‌లో 42వ సూరాకు షూరా అనే పేరుంది. కాని మష్వరా అంటే పెద్దాయన చెప్పినదానికి తలలూపడమని మనం అలవాటు చేసుకున్నాం. జామియావాళ్ళు దాన్ని పనిలో పెట్టి చూపించారు.

ఇదంతా తేలిగ్గా జరిగిపోయిందని మేము అనడం లేదు. 150 అన్నది పరిమితి మాత్రమే, అంత జీతం చేతికొస్తుందన్న హామీ కాదు. ఆ తక్కువ జీతాలు కూడా నెలల తరబడి అందని రోజులున్నాయి. ముజీబ్ గారు లక్నోలో కలిగిన వకీలు గారి కొడుకు, ఆక్స్‌ఫర్డులో చదివినవారు. ఆబిద్ హుస్సేన్ గారూ జర్మనీలో డాక్టరేటు చేసినవారే. బయట ఎక్కడికి వెళ్ళినా ఇంతకంటే బాగా బతకగలిగినవాళ్ళు. ఇక జాకిర్ హుస్సేన్ గారి బేగం షాజహాన్ గారి సంగతి. ప్రతిజ్ఞ చేసినవారిలో ఆమె పేరు లేదు. అయినా ఆ చాలీచాలని జీతంతో ఇల్లు గడిపింది ఆమే. సంఘాల చరిత్రలు రాసేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ళు మోసిన ఈ భారాన్ని మనం మరిచిపోతూ ఉంటాం. మరిచిపోకూడదు.

పెద్దల చందాలమీదే ఆధారపడకుండా హమ్‌దర్దాన్-ఎ-జామియా పేరుతో మామూలు మనుషుల దగ్గర కొద్ది కొద్ది మొత్తాలు పోగుచేశారు. పిల్లలకు కూడా బాధ్యత తెలియాలని బడిలో వాళ్ళ చేతనే ఒక బ్యాంకు నడిపించారు. 1935 మార్చి 1న ఓఖ్లాలో కొత్త భవనానికి పునాదిరాయి వేయించినప్పుడు ఏ నవాబునూ, ఏ నాయకుణ్ణీ పిలవలేదు. బడిలో అందరికంటే చిన్న పిల్లవాడి చేత వేయించారు. 1939లో జామియా రిజిస్టర్డ్ సొసైటీ అయింది.

1946 నవంబరులో రజతోత్సవం జరిగింది. దేశం రెండుగా చీలే ముందు రోజులవి. జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ ఒకపక్క, నెహ్రూ, రాజాజీ ఒకపక్క, అందరూ ఒకే వేదిక మీద కూర్చున్నారు. వాళ్ళ ఎదుటే జాకిర్ హుస్సేన్ గారు దేశంలో రగులుతున్న ద్వేషాగ్నిని ఆర్పమని వేడుకున్నారు. మంట ఆరలేదు. 1947 అల్లర్లలో జలంధర్ స్టేషనులో ఆయన ప్రాణాలతో బయటపడడమే గొప్ప. కరోల్‌బాగ్‌లోని జామియా పుస్తకాల సంస్థ తగలబడింది. జామియా మాత్రం నిలిచింది.

1948లో ఆయన అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ వైస్ చాన్సలరుగా వెళ్ళారు. అప్పటికి 1928 ప్రతిజ్ఞకు 20 ఏళ్ళు నిండాయి. 1927లో ఒక మనిషి పోతే మూతపడబోయిన జామియా, 1948లో ఇంకో మనిషి వెళ్ళిపోతే తొణకలేదు. ముజీబ్ గారు షేఖుల్ జామియా అయి 1973 వరకు నడిపించారు. 1988లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. జాకిర్ హుస్సేన్ గారు చేసిన గొప్ప పని ఏమిటని అడిగితే, తాను లేకపోయినా నడిచేలా సంస్థను తయారుచెయ్యడం అని మేము అంటాం.

తర్వాత ఆయన 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1963లో భారతరత్న పొందారు. 1967 మే 13న రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఖనన స్థలం జామియా ఆవరణే.

ఇక మన సంగతి. చందా ఇచ్చి రసీదు తీసుకోగానే మన పని అయిపోయిందనుకుంటాం. జనరల్ బాడీకి సగంమంది రాము. వచ్చినవాళ్ళం లెక్కలు చదువుతుంటే బిర్యానీ ఎప్పుడొస్తుందా అని చూస్తాం. తర్వాత టీ కొట్టు దగ్గర నిలబడి కార్యదర్శి తప్పులు లెక్కపెడతాం. పదవిలో ఉన్నవాళ్ళం కూడా తక్కువ తినలేదు, ఎవర్నీ అడక్కుండా ముగించేస్తే పని తొందరగా అవుతుందనుకుంటాం. 20 ఏళ్ళ ప్రతిజ్ఞ మనల్ని ఎవరూ అడగడం లేదు. ఏడాదికి నాలుగు సమావేశాలకు వచ్చి, మనసులో మాట అక్కడే చెప్పి, తేలిన నిర్ణయం మనకు నచ్చకపోయినా దాని పనిలో చెయ్యి వేస్తే చాలు. అంతమాత్రం చేస్తే, ఇవాళ్టి పెద్దలు లేని రోజున కూడా మన పిల్లలకు ఈ సంఘం ఉంటుంది.

అల్లాహ్ జాకిర్ హుస్సేన్ గారికి జన్నతుల్ ఫిర్దౌస్ ప్రసాదించుగాక. ఆ కలిసి నడిచే గుణంలో కాస్త మనకూ దయచేయుగాక. ఆమీన్.