బోర్న్‌విల్ జార్జి క్యాడ్‌బరీ గారు



మన పిల్లలు కొట్టుకు పోయి ఊదారంగు కాగితము చుట్టిన చాక్లెట్టు కొనుక్కొనునప్పుడు, దానిమీది క్యాడ్‌బరీ అను మాట ఒక కుటుంబపు ఇంటిపేరని వారెరుగరు. పెద్దలలోనైనను ఎరిగినవారు కొద్దిమందియే. ఆ యింటివారిలో జార్జి గారి జీవితమును ఈ నెల జ్ఞాపకము చేసికొందము. ఆయన గొప్ప వర్తకుడు, పదకొండుమంది బిడ్డల తండ్రి, బీదలకు స్నేహితుడు. ఆయన చేసిన మేలుతోపాటు, ఎనిమిది సంవత్సరములు ఆయన యెదుట నిలిచిన ఒక కఠినమైన ప్రశ్నను కూడ దాచక చెప్పవలసియున్నది.

ఆయన 1839వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన ఇంగ్లండు దేశములోని బర్మింగ్‌హామ్ నగరమునందు జన్మించెను. ఆ కుటుంబమువారు క్వేకరులు. పాదిరిగారు లేకయే మౌనముగా కూర్చుండి ఆరాధించువారు. ప్రమాణము చేయరు, యుద్ధమునకు పోరు. ఆ కాలమున పెద్ద విశ్వవిద్యాలయముల తలుపులు వారికి మూయబడియుండెను గనుక వారిలో అనేకులు వర్తకములో ప్రవేశించిరి. తండ్రి జాన్ గారు 1824లో బుల్ వీధిలో కొట్టు తెరచి టీ, కాఫీ, కోకో అమ్మెను. 1855లో తల్లి చనిపోయెను. తండ్రి క్రమముగా కృంగిపోగా 1861లో వ్యాపారము అన్న రిచర్డు, తమ్ముడు జార్జి చేతికి వచ్చెను. అప్పటికి జార్జి గారికి ఇరువది యొకటవ యేడు.

అది పేరునకు మాత్రమే వ్యాపారము, నష్టములలో మునిగియుండెను. తల్లివలన వచ్చిన సొమ్ములో చెరి 4,000 పౌనులు అన్నదమ్ములు దానిలో పెట్టిరి. ఆ సొమ్మును కరగిపోవుచుండగా, ఇక లాభము లేదనుకొని అన్న భూమి కొలతల పనికి పోవుటకును, జార్జి గారు మన హిమాలయ ప్రాంతమునకు వచ్చి తేయాకు తోట పెట్టుటకును తలంచిరి. ఆయన దినపత్రిక కొనుట సహితము మాని, దానధర్మములతో కలిపి ఏడాదికి సుమారు 25 పౌనులతో గడుపుకొనెను.

కోకో గింజలో సగము కొవ్వే. అది పైకి తేలకుండునట్లు ఆనాటి వర్తకులు బంగాళాదుంపల పిండియో సగ్గుబియ్యపు పిండియో కలిపి అమ్ముచుండిరి. క్యాడ్‌బరీవారి సరకు కూడ అట్టిదే. హాలెండులో వాన్ హూటెన్ అను సంస్థవారు ఆ కొవ్వును పిండి తీసివేయు యంత్రము వాడుచున్నారని విని, ఆ దేశపు భాష ఒక్క ముక్క రాకపోయినను జార్జి గారు అచ్చటికి పోయి యంత్రము కొని తెచ్చెను. 1866లో ఏ కలుపును లేని కోకో అమ్మకమునకు వచ్చెను. పిమ్మట కొలది యేండ్లకే ఆహారపు కల్తీని అరికట్టు చట్టములు వచ్చి ఆ సరకునకు గిరాకి హెచ్చెను. నిజాయితీకి లాభము దొరికెనని మనము ఇప్పుడు సులభముగా చెప్పుదుము. యంత్రము కొన్ననాడు వారికి అది తెలియదు.

అయితే ఆయన జీవితమును మలచినది ఆ యంత్రము కాదు, ఆదివారపు బడి. యౌవనమునుండి దాదాపు 50 సంవత్సరములు ఆయన ఆదివారము తెల్లవారకమునుపే లేచి సెవర్న్ వీధిలోని పెద్దల బడికి పోయి, చదువురాని కూలివారికి బైబిలుతో చదువు చెప్పెను. వారిలో త్రాగుబోతులును ఉండిరి. పాఠము చెప్పి ఊరకుండక వారి యిండ్లకు పోయి చూచుచుండెను. వెనుకకు వెనుక ఆనించి కట్టిన ఇరుకు గదులు, గాలి లేదు, వెలుతురు లేదు. అట్టి ఇంటికి పోవలసిన మనిషి కల్లు దుకాణమునకు పోవుటలో వింత ఏమున్నదని ఆయనకు తోచెను. మనిషిని బాగుపరచుటకు ముందు అతని ఇంటిని బాగుపరచవలెనను తలంపు ఆ బడిలోనే పుట్టెను.

1879లో అన్నదమ్ములు ఫ్యాక్టరీని నగరమునకు నాలుగు మైళ్ల దూరమున పచ్చని పొలములలోనికి మార్చి బోర్న్‌విల్ అని పేరు పెట్టిరి. పనివారికి ఆటస్థలములు, శనివారము మధ్యాహ్నపు సెలవు దొరికెను. ప్రతి ఉదయము పనికి ముందు ప్రార్థన జరుగుచుండెను. 1893లో జార్జి గారు తన సొమ్ముతో ప్రక్కనే 120 ఎకరములు కొని, 1895నుండి ఇండ్లు కట్టించెను. అవి తన పనివారికి మాత్రమే కాదు, ఇతరులకును ఇచ్చెను. ప్రతి యింటికి తోట. కాపురమునకు వచ్చువారు రాకమునుపే నేల త్రవ్వించి పండ్ల చెట్లు నాటించియుంచెను. ఊరిలో సారాయి దుకాణము లేకుండెను. 1900లో 313 ఇండ్లు, 330 ఎకరములు ఒక ట్రస్టుకు అప్పగించి, ఆ రాబడి తన బిడ్డలకు చేరకుండ, మరిన్ని ఇండ్లు కట్టుటకే వినియోగపడునట్లు చేసెను.

ఆయన మొదటి భార్య మేరీ గారు ఐదుగురు బిడ్డలను విడిచి 1887లో చనిపోయెను. మరుసటి సంవత్సరము ఎలిజబెత్ గారిని పెండ్లి చేసికొనెను. ఆమెకు ఆరుగురు కలిగిరి. ఆ పెద్ద యింటి ఆవరణములో ఒక పెద్ద కొట్టము కట్టించి, వేసవిలో నగరపు పేద పిల్లలను వేలకొలదిగా పిలిపించి భోజనము పెట్టి ఆటలాడించెడివారు. అన్న రిచర్డు గారు 1899లో యెరూషలేములో మరణించెను.

ఇక ఆ ప్రశ్న. కంపెనీ కొను కోకోలో చాల భాగము ఆఫ్రికా పడమటి తీరమునకు ఎదురుగానున్న సావో తోమే ద్వీపమునుండి వచ్చుచుండెను. అది పోర్చుగీసువారి యేలుబడిలోనిది. అంగోలా లోతట్టునుండి మనుష్యులను పట్టి తెచ్చి, ఒప్పందపు కూలీలని పేరు పెట్టి, తిరిగి పంపక చచ్చువరకు పని చేయించుచుండిరి. మన తీరమునుండి మారిషస్సునకును నేటాలునకును ఒప్పందపు కూలికి పోయినవారి సంగతి విన్న మనకు, ఆ మాట వెనుక ఎంత దాగగలదో తెలియును. 1901లో ఒక తోట అమ్మకపు ప్రకటనలో కూలివారిని కూడ ఆస్తిగా లెక్కించియుండుట రిచర్డు గారి కుమారుడు విలియం కంటబడెను. కంపెనీవారు విచారణ మొదలుపెట్టిరి. 1905లో ఒక మనిషిని పంపిరి. 1908లో విలియం గారే పోయి చూచెను. కొనుగోలు మాత్రము ఆగలేదు. మనము కొనువారముగా ఉన్నంతవరకే పోర్చుగీసువారు మన మాట విందురని వారి వాదము. 1909 మార్చిలోగాని మానలేదు.

ఇదే కాలములో జార్జి గారి పత్రిక దక్షిణాఫ్రికా గనులలోని చైనా కూలీల దురవస్థను ఖండించుచుండెను. దానిని ఎత్తిచూపి స్టాండర్డు అను పత్రిక తీవ్రముగా వ్రాయగా కంపెనీవారు పరువునష్టపు దావా వేసిరి. 1909 డిసెంబరులో జ్యూరీ కంపెనీ పక్షమున తీర్పు చెప్పి, నష్టపరిహారముగా ఒక్క ఫార్థింగు, అనగా పెన్నీలో నాలుగవ వంతు, ఇప్పించెను. ఆ చిన్న నాణెములో ఎంత మాట ఉన్నదో చూడుడు. ఆయన మోసగాడు కాడు. అయినను ఎనిమిదేండ్లు దీర్ఘకాలమే. ఆ యేండ్లలో ఆ తోటలలో చనిపోయినవారికి ఆ వాదము పనికిరాలేదు.

1903లో తాను కాపురమున్న వుడ్‌బ్రూక్ గృహమును బైబిలు పఠనమునకును సేవకుల తర్ఫీదునకును ఇచ్చివేసెను. దానిచుట్టు సెల్లీ ఓక్ కాలేజీలు లేచినవి. మన దేశమునకు వచ్చిన మిషనెరీలలో కొందరు అచ్చట తర్ఫీదు పొందినవారే. 1931లో గాంధీగారు బర్మింగ్‌హామునకు వచ్చినప్పుడు వుడ్‌బ్రూకులోనే బసచేసిరి. జార్జి గారు అప్పటికి లేరు. 1922 అక్టోబరు 24వ తేదీన కన్నుమూసిరి. జ్ఞాపకార్థ కూటమునకు బోర్న్‌విల్ పచ్చికబయలులో వేలాదిమంది నిలిచిరి. ఎలిజబెత్ గారు 1951వరకు జీవించి ఆ ట్రస్టు పని చూచుకొనిరి.