సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబరు 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త, విద్యావేత్త. కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం, స్ఫటికాల సౌష్ఠవం వీరి ముఖ్య పరిశోధనాంశాలు. ఘనపదార్థాలు అధిక ఒత్తిడికి లోనై బాగా రూపు మారినప్పుడు వాటి ప్రవర్తనను గణితరూపంలో వర్ణించడానికి కావలసిన మూడవ తరగతి స్థితిస్థాపక స్థిరాంకాలపై తొలినాళ్ళలో కృషి చేసినవారిలో వీరొకరు.

జీవిత విశేషాలు

భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాలో సి.వి.రామన్ వద్ద పరిశోధనలో చేరారు. కాంతి కణమైన ఫోటానుకు స్పిన్ ఉన్నదని తెలిపే ప్రయోగ ఫలితాలను రామన్‌తో కలిసి 1931లో ప్రకటించారు. 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి, అక్కడ భౌతికశాస్త్ర పరిశోధనకు బలమైన పునాది వేశారు.

స్ఫటికాల స్థితిస్థాపకత

వికృతి స్వల్పంగా ఉన్నప్పుడు ప్రతిబలం దానికి అనులోమానుపాతంలో ఉంటుందని హుక్ సూత్రం చెబుతుంది. వికృతి పెరిగిన కొద్దీ ఈ సూత్రం చాలదు. సమీకరణంలో మరికొన్ని పదాలను చేర్చవలసి వస్తుంది. ఆ పదాల గుణకాలే మూడవ తరగతి స్థిరాంకాలు. ఒక స్ఫటికానికి ఇవి ఎన్ని కావాలో ముందుగా తెలియకపోతే ప్రయోగంలో ఏమి కొలవాలో తెలియదు. 1940ల చివరలో భగవంతం, డి.సూర్యనారాయణ సమూహ సిద్ధాంతం సహాయంతో ఈ సంఖ్యను స్ఫటిక తరగతుల వారీగా లెక్కించారు. అన్ని దిశలలో ఒకే ధర్మాలు గల పదార్థానికి మామూలు స్థిరాంకాలు 2, మూడవ తరగతివి 3. సౌష్ఠవం అతి తక్కువగా ఉండే ట్రైక్లినిక్ స్ఫటికానికి ఇవి వరుసగా 21, 56.

పల్నాడులోని మాచర్ల, గురజాల ప్రాంతాల సున్నపురాయిని ఉదాహరణగా తీసుకుంటే ఇందులోని చిక్కు తెలుస్తుంది. అందులోని సన్నని కాల్సైటు స్ఫటికాలలో ఒక్కొక్కదానికి దిశను బట్టి గట్టిదనం మారుతుంది. అవి అడ్డదిడ్డంగా కలిసి ఉండడం వలన రాయి మొత్తం మీద దాదాపు అన్ని వైపులా ఒకే తీరున ప్రవర్తిస్తుంది.

మూడవ తరగతి పదాలకు ఉష్ణంతోనూ సంబంధం ఉంది. హుక్ సూత్రాన్ని అక్షరాలా పాటించే ఘనపదార్థం ఉంటే అది వేడికి వ్యాకోచించదు. వ్యాకోచానికి కారణం ఆ సూత్రం నుండి కలిగే విచలనమే. అయితే కాలంతో పాటు నెమ్మదిగా సాగే స్నిగ్ధ-స్థితిస్థాపక పదార్థాలకు ఈ స్థిరాంకాలు మాత్రమే సరిపోవు. వాటికి కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకునే సమీకరణాలు అవసరం.

వజ్రంపై ప్రయోగాలు

జె.భీమసేనాచార్‌తో కలిసి అతిధ్వని తరంగాల ద్వారా వజ్రం స్థిరాంకాలను కొలిచి 1946లో ప్రచురించారు. వారికి లభించిన మూడు విలువలు 950, 390, 430 గిగాపాస్కల్‌లు. 1957లో అమెరికాలో మెక్‌స్కిమిన్, బాండ్ మెరుగైన పద్ధతిలో కొలవగా అవి సుమారు 1076, 125, 576 అని తేలింది. రెండవ విలువలో తేడా మూడు రెట్లకు పైగా ఉంది. వజ్రం వంటి అతి కఠిన పదార్థపు చిన్న ముక్కలను కొలవడం ఎంత కష్టమో ఇది తెలుపుతుంది. పాత విలువల స్థానంలో కొత్తవి స్థిరపడినా, ఆ ప్రశ్నను ప్రయోగశాలకు తెచ్చిన ఘనత మాత్రం వాల్తేరు బృందానికి దక్కుతుంది. అధిక పీడనాల క్రింద పదార్థ ప్రవర్తనపై ఇ.వి.చెలంతో కలిసి 1960లో వ్యాసాలు ప్రకటించారు.

పదవులు, గ్రంథాలు

1952 నుండి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగాను, 1957 నుండి 1962 వరకు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగాను, 1961 నుండి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగాను పనిచేశారు. టి.వెంకటరాయుడుతో కలిసి వ్రాసిన సమూహ సిద్ధాంత గ్రంథం, 1966లో వెలువడిన స్ఫటిక సౌష్ఠవ గ్రంథం వీరి ప్రసిద్ధ రచనలు.