విలియం హెర్బర్ట్ రోలిన్స్

ఎక్స్ కిరణాలను 1895లో రాంట్జెన్ కనుగొన్నారు. వాటి కీడు నుండి రోగిని కాపాడే మార్గం చూపి ఖ్యాతి గడించిన తొలి వారిలో రోలిన్స్‌ను మేము అగ్రగణ్యునిగా ఎంచుతున్నాము. 1852లో జన్మించిన ఈ బోస్టన్ దంతవైద్యులు 1898లో తమ చేయి కమిలిన పిమ్మట రక్షణోపాయాల అన్వేషణకు పూనుకొన్నారు. దోషం విద్యుత్తుదే గాని కిరణాలది కాదని ఆనాడు పలువురు వాదించేవారు. 1901లో ఆయన విద్యుత్తు సోకని పెట్టెలో ఉంచినా, కిరణాలు సోకిన గినీపందులు మరణించాయి. తల్లి గర్భంలోని పిల్లను సైతం ఆ కిరణాలు బలిగొన్నాయి. కిరణనాళాన్ని సీసపు కవచంలో బంధించాలనీ, పరీక్షించవలసిన అవయవంపైనే కిరణం పడనిచ్చి తక్కిన దేహాన్ని కప్పాలనీ ఆయన వ్రాశారు. విన్నవారు మిక్కిలి తక్కువ. ఋజువు కళ్ళెదుట ఉండగా ఇంతటి ఉపేక్షయా! 1929లో ఆయన కన్నుమూశారు. దేహాన్ని కప్పే ఆచారాన్ని నేడు పెక్కు ఆసుపత్రులు విడిచిపెడుతున్నా, నాళానికి కవచమూ, కుదించిన కిరణపుంజమూ ఎక్స్‌రే యంత్రాలలో నిలిచే ఉన్నాయి.