రక్తం కిందికి దిగే వేగం చూసిన డాక్టరు

దసరా సెలవుల నుంచి వచ్చాక నాకు జ్వరం తగిలింది. మోకాళ్లు వాచి మెట్లు ఎక్కలేకపోయాను. ఆసుపత్రిలో రక్తం తీసి, చీటీ మీద ఇ.ఎస్.ఆర్. 64 అని రాసిచ్చారు. ఆ అంకె చూసి మా డార్మెటరీలో ఎవరో టి.బి. అన్నారు. అంతే, రెండు రోజులు నా పక్కన ఎవ్వరూ చాప వెయ్యలేదు. అసలు ఈ ఇ.ఎస్.ఆర్. ఏంటి, ఎవరు కనిపెట్టారు అని సైన్సు సారుని అడిగాను. సారు చెప్పిందీ, పుస్తకంలో చదివిందీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. చాప దూరంగా జరుపుకున్నవాళ్లు తప్పక చదవాలి.

ఆయన పేరు ఎడ్మండ్ బియెర్నాట్‌స్కి. ఈ పేరు పలకడం నాకు మూడు రోజులకి గానీ రాలేదు. పోలండువాడు. 1866లో ఒపోచ్‌నో అనే ఊళ్లో పుట్టాడు. అప్పటికి పోలండు అనే దేశం మ్యాపులోనే లేదు. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా దాన్ని ముక్కలు చేసి పంచేసుకున్నాయి. వార్సా నగరం రష్యా చక్రవర్తి కింద ఉండేది. అక్కడి యూనివర్సిటీలో పాఠాలు రష్యన్ భాషలోనే చెప్పేవారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష. ఇది మనకి కొత్తేం కాదు కదా! అలాగే చదివి 1889లో డాక్టరయ్యాడు. తర్వాత పై దేశాలు వెళ్లి ఇంకొంత నేర్చుకుని, తిరిగొచ్చి వార్సాలో రోగుల్ని చూసేవాడు.

రక్తాన్ని గడ్డకట్టకుండా చేసి గాజు గొట్టంలో కదపకుండా నిలబెడితే, ఎర్ర కణాలు మెల్లగా అడుక్కి దిగుతాయి. పైన గడ్డినీళ్ల రంగులో ప్లాస్మా తేలుతుంది. వానాకాలం వాగునీళ్లు కుండలో పోసి ఉంచితే బురద అడుక్కి చేరి పైన తేట తేలినట్టే. కణాలు దిగడం అంతకుముందు కూడా చాలామంది చూశారు. బియెర్నాట్‌స్కి గొప్పతనం ఏంటంటే, ఎవరి రక్తం ఎంత వేగంగా దిగుతోందో కొలిచి, ఆ వేగాన్ని రోగంతో కలిపి చూశాడు. రక్తం గడ్డకట్టకుండా ఆక్సలేటు అనే ఉప్పు కలిపేవాడు.

1897లో ఆయన తన ఫలితాలు పోలిష్‌లోనూ, జర్మన్‌లోనూ ప్రచురించాడు. అందరి రక్తం ఒకే వేగంతో దిగదు. కణాలు తక్కువున్న రక్తం త్వరగా దిగుతుంది. జ్వరాల్లో, ముఖ్యంగా కీళ్లవాపు జ్వరంలో, ఇంకా త్వరగా దిగుతుంది. దానికి కారణం ప్లాస్మాలో ఉండే ఫైబ్రినోజన్ అనే ప్రోటీన్ అని కూడా చెప్పాడు. ఎందుకంటే దాన్ని తీసేసిన రక్తం నెమ్మదిగా దిగడం ఆయన కళ్లారా చూశాడు.

ఇది ఎలా జరుగుతుందో సారు చిల్లగింజతో చెప్పారు. చిల్లగింజ అరగదీసి కుండలో కలిపితే బురద రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలై చప్పున దిగిపోతాయి. ఒంట్లో ఎక్కడైనా వాపు, చీము, జ్వరం ఉంటే కాలేయం ఫైబ్రినోజన్ ఎక్కువగా తయారుచేస్తుంది. మామూలుగా ఒకదాన్నొకటి నెట్టుకునే ఎర్ర కణాలు అప్పుడు రూపాయి బిళ్లలు దొంతర పెట్టినట్టు అతుక్కుంటాయి. దొంతర బరువు కాబట్టి త్వరగా దిగుతుంది. గంటలో పైన ఎన్ని మిల్లీమీటర్ల తేట తేలిందో అదే ఇ.ఎస్.ఆర్. యాభై ఏళ్లలోపు మగవాళ్లకి 15, ఆడవాళ్లకి 20 దాటకూడదంటారు.

బియెర్నాట్‌స్కి వైద్యశాస్త్రానికి హద్దులు ఎక్కడున్నాయో ఆలోచించి పుస్తకం కూడా రాశాడు. నాకు ఇది అన్నిటికన్నా నచ్చింది. తర్వాత వార్సా విడిచి ల్వూఫ్ నగరానికి వెళ్లాడు. అది అప్పుడు ఆస్ట్రియా కింద ఉండేది, ఇప్పుడు యుక్రెయిన్‌లో ఉంది. అక్కడ పాఠాలు చెబుతూ 1911లో చనిపోయాడు. అప్పటికి ఆయనకి 45 ఏళ్లే. ఆయన పరీక్షని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు.

1918లో స్వీడన్‌లో రాబిన్ ఫోరేయుస్ అనే డాక్టరు గర్భిణుల రక్తం త్వరగా దిగడం గమనించి, అదే సంగతిని మళ్లీ కనిపెట్టాడు. 1921లో ఆల్ఫ్ వెస్టర్‌గ్రెన్ టి.బి. రోగుల మీద వాడుతూ గొట్టానికీ, కొలతకీ ఒక పద్ధతి పెట్టాడు. 200 మిల్లీమీటర్ల గీతలున్న ఆ గొట్టానికి అన్ని దేశాల్లోనూ వెస్టర్‌గ్రెన్ పేరే. పోలండులో మాత్రం ఈ పరీక్షని ఓ.బి. అంటారు. అందులో బి అంటే బియెర్నాట్‌స్కి. కనీసం సొంతవాళ్లు మర్చిపోలేదు.

ఇప్పుడు నా చీటీ సంగతి. 64 అంటే ఒంట్లో ఎక్కడో వాపు ఉంది అని. ఏ రోగమో ఆ అంకె చెప్పదు. టి.బి.లో పెరుగుతుంది, కీళ్లవాపులో పెరుగుతుంది, రక్తం తక్కువైనా పెరుగుతుంది, గర్భిణికి ఏ రోగం లేకున్నా పెరుగుతుంది. టి.బి. తేల్చాలంటే కళ్లె పరీక్ష చెయ్యాలి. నాకు చేశారు, లేదని తేలింది. నాది గొంతునొప్పి తర్వాత వచ్చిన కీళ్లవాపు జ్వరం. బియెర్నాట్‌స్కి రోగుల్లో కొందరికి వచ్చిందే!

ఇంకో మాట మన పిల్లలు గుర్తుంచుకోవాలి. మన గూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లున్నారు. వాళ్ల కణాలు కొడవలిలా వంగిపోతాయి. వంగిన బిళ్లలు దొంతరగా నిలబడవు కదా. అందుకే ఒంట్లో చీము పట్టినా వాళ్ల ఇ.ఎస్.ఆర్. తక్కువే చూపించవచ్చు. తక్కువుంది కదా అని ఊరుకుంటే ప్రమాదం. ఆ జబ్బు ఉన్న సంగతి రక్తం తీసే ముందే డాక్టరుకి చెప్పాలి.

నాకు మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేస్తున్నారు. పోయిన నెల ఇ.ఎస్.ఆర్. 64 నుంచి 22కి దిగింది. వచ్చే సోమవారం మళ్లీ రక్తం ఇవ్వాలి. ఆ గంటసేపు గొట్టం దగ్గరే కూర్చుని చూడనిస్తానని ల్యాబ్ అన్న ఒప్పుకున్నాడు.

— 9వ తరగతి విద్యార్థి