మన్నెపు మాటకు అక్షరమిచ్చిన పంతులుగారు
గిడుగు వెంకట రామమూర్తిగారి జీవితము

చదువవలసిన భాగము: అపొస్తలుల కార్యములు 2:1–13

పెంతెకొస్తు దినమున యెరూషలేములో కూడిన జనులు దేవుని కార్యములను పండితుల భాషలో వినలేదు. ఎవరి ఇంట వారు పుట్టి నేర్చిన మాటలోనే వినిరి. ఆ దినమున ఏ మాటయు తక్కువది కాలేదు. మన జిల్లాలో పుట్టి, మన మతస్థులు కాకపోయినను, ఈ సత్యము కొరకు తమ యావజ్జీవమును ధారవోసిన ఒక ఉపాధ్యాయుని చరిత్రను ఈ మాసమున మన పాఠకులకు తెలుపగోరుచున్నాము.

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగమునకు చేరువనున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు విజయనగర సంస్థానమున రెవెన్యూ ఉద్యోగి. ఆయన 1875లో కాలము చేయగా, పండ్రెండేండ్ల బాలుడు బంధువుల ఇంట నుండి విజయనగరము మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొనెను. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహపాఠి. ఇంటి భారము మీద పడుటచే పై చదువు ఆగిపోయెను. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా చేరిరి. పిమ్మట ఇంట చదువుకొనియే బి.ఏ. పరీక్షలో కృతార్థులైరి.

వారికి చరిత్రయందు మిక్కిలి ఆసక్తి. ముఖలింగపు గుడి గోడలపైని శాసనములను అనేకులు చూచుచుండిరి గాని చదువగలవారు అరుదు. ఆ పాత లిపులను పంతులుగారు గురువు లేకయే, పుస్తకముల సాయముతో నేర్చుకొనిరి. గాంగరాజుల రాజధానియగు కళింగనగరము మరెక్కడనో లేదనియు, వంశధార ఒడ్డుననున్న ఈ ముఖలింగమేననియు శాసనములను సాక్ష్యముగా పెట్టి వాదించిరి. నరసన్నపేట ప్రాంతమందలి నడగాములో దొరికిన వజ్రహస్తుని రాగిరేకుల శాసనమును చదివి, ప్రభుత్వపు శాసన గ్రంథములో ప్రకటించిరి. మన తాతలు దున్నిన ఈ నేలకు వ్రాతపూర్వకమైన చరిత్ర కలదని మనకు తెలిపినవారిలో ఆయన ముందు వరుసలోనివారు.

అయితే రాళ్లపై అక్షరములు చదువుటతో ఆయన తృప్తి నొందలేదు. పర్లాకిమిడి చుట్టు కొండలలో సవరలు కాపురముండిరి. వారు సరకులు నెత్తిని పెట్టుకొని సంతకు దిగివచ్చినప్పుడు భాష రాకపోవుటచే మోసపోవుట సామాన్యము. వారి పిల్లలకు బడి లేదు, వారి భాషకు పుస్తకము లేదు. ఈ బిడ్డలకు వారి మాటలోనే చదువు చెప్పవలెనని పంతులుగారు తలంచిరి. కాని చెప్పవలెనన్న ముందు తాము నేర్వవలెను గదా! సవర భాష తెలిసినవానిని ఇంటనే ఉంచుకొని, ఒక్కొక్క మాట అడిగి వ్రాసికొనిరి. మన్నెములో గూడెము గూడెము తిరిగిరి. సవర పిల్లలకు వాచకములు, పాటలు, కథలు కూర్చిరి. సొంత సొమ్ముతో బడులు పెట్టి, సవర భాషలోనే చదువు చెప్పించిరి. ప్రభుత్వమువారు మెచ్చి సొమ్ము బహుమానమీయ జూపినప్పుడు, తమకు వద్దని, దానితో సవరలకు బడి పెట్టుడని కోరినట్లు వారి చరిత్రకారులు వ్రాసిరి.

ఈ సేవకు ఆయన చెల్లించిన మూల్యము చిన్నది కాదు. మన్నెపు జ్వరమునకు క్వినైను విస్తారముగా పుచ్చుకొనుటచే వినికిడి చెడి, చెవిటివారైరి. ఇతరుల మాట వినుటకై కొండలెక్కినవాడు తన చెవులనే పోగొట్టుకొనెను. అయినను పని మానలేదు. సవర–తెలుగు నిఘంటువును, ఇంగ్లీషులో సవర భాషా వ్యాకరణమును సిద్ధపరచిరి. ఆ వ్యాకరణము 1931లో మద్రాసులో అచ్చయ్యెను. ఒక చిన్న జాతి నోటిమాటకు కూడ క్రమమును అందమును గలవని ఆ గ్రంథము లోకమునకు చూపెను.

సవర పిల్లవాని కొరకు తలంచినదానినే ఆయన తెలుగు పిల్లవాని కొరకును తలంచిరి. ఆ కాలమున మన కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయము క్రింద నుండెను. పరీక్షలో వ్యాసము వ్రాయవలెనన్న ఏ ఇంటను ఎవరును పలుకని పూర్వపు భాషలోనే వ్రాయవలెనను ఆచారము గట్టిగా పాతుకొనియుండెను. చదువుకొన్న ఇంట పుట్టినవాడు ఎట్లో గట్టెక్కును. రైతుబిడ్డడు తెలిసిన సంగతి కూడ వ్రాయలేక ఓడిపోవును. 1907 ప్రాంతమున పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన యేట్సు దొరగారు, జనులు పలుకు తెలుగునకును పుస్తకముల తెలుగునకును ఇంత భేదమేల యని ప్రశ్నింపగా, పంతులుగారు ఆ ప్రశ్నను విడువక పట్టుకొనిరి. 1911లో ఉద్యోగము విరమించి పూర్తిగా ఈ పనికే పూనుకొనిరి. జయంతి రామయ్య పంతులుగారు మొదలగు పెద్దలు ఎదిరించిరి. పరీక్షలలో వాడుక భాషకు కొంతకాలము దొరికిన అనుమతి మరల రద్దయ్యెను.

అంతట ఆయన కోపముతో కాక పుస్తకములతో జవాబిచ్చిరి. 1919లో తెలుగు అను మాసపత్రికను నడిపిరి. ఆ యేడే వీరేశలింగము పంతులుగారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము వెలసెను. పాత భాషయే వ్రాయవలెనను పండితులు సైతము దానిని తప్పులు లేక వ్రాయలేకున్నారని వారి గ్రంథములనుండియే ఎత్తి చూపిరి. పూర్వులు కూడ వచనము వ్రాయునప్పుడు వాడుక మాటలు వాడిరని గద్యచింతామణిలో నిరూపించిరి.

1936లో ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందులో చేరెను. దానిని అంగీకరింపక, ఏబది యేండ్లకు పైగా కాపురమున్న ఊరిని విడిచి, డెబ్బది దాటిన వయసున రాజమహేంద్రవరము చేరిరి. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయము కళాప్రపూర్ణ బిరుదుతో ఆయనను గౌరవించెను. వాడుక భాషకు తలుపు మూసిన పండితలోకమే వృద్ధుని ఎదుట తలవంచినట్లాయెను. 1940 జనవరి 22న ఆయన కన్నుమూసిరి. అప్పటికి ఆయన కోరినది పూర్తిగా నెరవేరలేదు. నేడు మన పిల్లల పాఠ్యపుస్తకములును, వార్తాపత్రికలును వాడుక తెలుగులోనే యున్నవి. ఆయన పుట్టినదినము తెలుగు భాషా దినోత్సవమైనది. 2004 మొదలు ఆంధ్రప్రదేశ్ బడులలో కొన్నిట సవర బిడ్డలకు సవరలోనే తొలి పాఠములు చెప్పుట ఆరంభమయ్యెను. విత్తినవాడు కోతను చూడకపోయినను పంట పండినది.

ప్రియులారా, జలంత్రకోట మొదలు టెక్కలి వరకు గల మన సంఘములలో తెలుగువారును ఒడియావారును కలిసి కూర్చుందురు. కొండప్రక్క సంఘములలో సవర సహోదరులున్నారు. పలాసలో జీడిపిక్కలు కొట్టి వచ్చిన తల్లియు, ఉద్దానపు కొబ్బరితోటలో పని చేసిన తండ్రియు ప్రార్థన కూడికలో నోరు విప్పుటకు జంకుట మనమందరము ఎరుగుదుము. పెద్ద మాటలు రావని వారి భయము. నేను అనుటకు నాను అందురని చదువుకొన్న పిల్లలు నవ్వుదురేమోనని వారి సిగ్గు. హృదయము నిండియున్నను పెదవి మూయబడుచున్నది.

చెవులు పోయిన ఒక వృద్ధుడు కొండవాని మాటను గౌరవముతో వినగలిగినప్పుడు, చెవులున్న మనము మన ఇంటివారి మాటను చిన్నచూపు చూడదగునా? దేవుడు వ్యాకరణము చూచి ప్రార్థన ఆలకించువాడు కాడు. కాబట్టి ఈ మాసమున ప్రతి సంఘములోను పెద్దలు ఒక పని చేయవలెనని కోరుచున్నాము. ఇంతవరకు గొంతెత్తి ప్రార్థింపని ఒక్కరిని, వారి ఇంటి మాటలోనే ప్రార్థింపుమని ప్రేమతో పిలువుడి. వారు ముగించువరకు ఎవరును దిద్దకుడి.